బొమ్మ కింది మాట మనం రాద్దాం

(ఆదివాసీ యువత శిక్షణా తరగతిలో మాట్లాడిన దాని పాఠం)



ఫోన్లు బయటికి తీయండి. కానీ ఇప్పుడే ఏమీ కొట్టొద్దు.

మాటలు రాస్తే బొమ్మ గీసి ఇచ్చే ఏఐ గురించి మీలో చాలామందికి తెలుసు. 2022లో మిడ్‌జర్నీ, స్టేబుల్ డిఫ్యూజన్ లాంటివి జనం చేతికొచ్చాయి. ఇప్పుడైతే జెమినై, చాట్‌జీపీటీ, వాట్సాప్‌లోనే కనిపించే మెటా ఏఐ ఉన్నాయి. వీటిలో ఎంతో కొంత ఉచితంగానే చేసుకోవచ్చు. ఏ యాప్ మంచిదని మాత్రం నన్ను అడగకండి. ఆరు నెలలకోసారి ఆ జవాబు మారిపోతుంది. మారనిది ఒకటుంది, అది మనం రాసే వాక్యం. దాన్నే ప్రాంప్ట్ అంటున్నారు. ఈ పూట దాని గురించే.

ఇక్కడికి వచ్చే ముందు నేను మూడు యాప్‌లలో "ట్రైబల్ ఉమన్" అని కొట్టి చూశాను. మూడింటిలోనూ దాదాపు ఒకే మనిషి వచ్చింది. ముఖానికి రంగు గీతలు, తలలో ఈకలు, మెడ నిండా పూసలు, వెనక పొగ, నవ్వులేని ముఖం. మా పిన్ని చూసి "ఎవరే ఈమె, సినిమా మనిషా?" అంది. మీరూ కొట్టి చూడండి, ఇంచుమించు ఆమే వస్తుంది.

ఈకలంటే మనకు చిన్నతనం ఏమీ లేదు. దండారిలో గుస్సాడీలు పెట్టుకునే నెమలి ఈకల టోపీ మన గౌరవం. ఆ ఆటకే కనక రాజు గారికి 2021లో పద్మశ్రీ ప్రకటించారు. కానీ ఆ టోపీకి ఒక కాలం ఉంది, దీపావళి రోజుల్లో కడతారు, దానికి నియమాలున్నాయి. యాప్ ఇచ్చినవి అవి కాదు. ఎక్కడో అమెరికా మూలవాసుల తలపాగా తెచ్చి మన నెత్తిన పెట్టింది.

ఎందుకిలా? ఆ యంత్రం ఎట్లా నేర్చుకుందో చూస్తే తెలుస్తుంది.

ఇంటర్నెట్‌లో ఉన్న బొమ్మలను, వాటి పక్కన రాసి ఉన్న మాటలను జతలు జతలుగా పోగేశారు. లయాన్ అనే పోగులో ఇలాంటి జతలు 585 కోట్లు. అందులో 232 కోట్ల జతలకు మాట ఇంగ్లీషులో ఉంది. స్టేబుల్ డిఫ్యూజన్ నేర్చుకున్నది ఆ పోగులోని బొమ్మలతోనే. నేర్పే పద్ధతి తమాషాగా ఉంటుంది. మంచి బొమ్మ మీద కొంచెం కొంచెంగా ఇసుక చల్లినట్టు చుక్కలు చల్లుతారు, చివరికి పాత టీవీలో సిగ్నల్ పోయినప్పుడు కనిపించే గరగర మాత్రమే మిగులుతుంది. ఆ చుక్కలను వెనక్కి తీసి బొమ్మను బయటపెట్టడం యంత్రానికి అలవాటు చేస్తారు. ఇప్పుడు మీరు వాక్యం రాయగానే అది ఒట్టి గరగరతో మొదలుపెట్టి, మీ మాటలకు దగ్గరగా వచ్చేదాకా తుడుచుకుంటూ పోతుంది. మబ్బును చూస్తున్న పిల్లాడికి "అదిగో ఏనుగు" అంటే ఏనుగే కనిపిస్తుంది చూడండి, అట్లా.

అంటే అంతా ఆ జతలోని మాట మీద ఆధారపడి ఉంది. మరి మన బొమ్మల కింద మాట ఎవరు రాశారు? టూరిస్టులు రాశారు, ఫొటోలు అమ్ముకునేవాళ్లు రాశారు, మ్యూజియం వాళ్లు రాశారు. 1940లలో మార్లవాయిలో ఉండి గోండుల ఫొటోలు తీసిన హైమన్‌డార్ఫ్ మనవాళ్లను ప్రేమగా చూసినవాడే, ఆ ఊళ్లో ఇప్పటికీ ఆయన వర్ధంతి చేస్తారు. అయినా ఆయన రాసింది ఇంగ్లీషులో, చదవబోయే బయటివాళ్ల కోసం. గోండీ మాట్లాడేవాళ్లు 2011 లెక్కల్లోనే 29 లక్షలకు పైన ఉన్నారు. మన ఫొటో కింద గోండీలో మన నోటి మాట ఎక్కడైనా చూశారా? "ట్రైబల్" అన్న ఒక్క మాట కింద ప్రపంచంలోని అందరినీ కుప్ప పోశారు కాబట్టి, ఆ మాట వాడితే ఆ కుప్పే వస్తుంది.

అందుకే నా మొదటి సలహా, ప్రాంప్ట్‌లో "ట్రైబల్", "గిరిజన", "ఆదివాసీ" అనే మాటలు రాయకండి. వినడానికి వింతగా ఉంటుంది, మన పేరు మనమే రాసుకోకూడదా అని. పోస్టర్ మీద పెద్దక్షరాలతో రాసుకుందాం. యంత్రానికి మాత్రం కంటికి కనిపించేది చెప్పాలి.

ఒకటి చేసి చూద్దాం. ఇప్పపువ్వు మీద బొమ్మ కావాలి. కొత్తవాళ్లు ఎక్కువగా ఇట్లా రాస్తారు: "అడవిలో ఇప్పపూలు కోస్తున్న గిరిజన మహిళ". నేను ఇదే పెట్టి చూశాను. పెదాలకు రంగేసుకున్న పాతికేళ్ల అమ్మాయి, తోటలో గులాబీ కోసినట్టు కొమ్మ వంచి తెల్లపువ్వు కోస్తోంది. నవ్వకండి, అందులో యంత్రం తప్పు సగమే. మనం "కోస్తున్న" అన్నాం. ఇప్పపువ్వును ఎవరైనా కోస్తారా? అది తెల్లారుజామున దానంతటదే రాలుతుంది, మనం ఏరుతాం.

ఇప్పుడిది చూడండి:

"మార్చి నెల. ఇంకా పూర్తిగా తెల్లారలేదు. ఆకు రాలిన పెద్ద ఇప్పచెట్టు. కింద ఊడ్చిన నేల. నేల మీద రాలిపడిన చిన్న పువ్వులు, లేత పసుపు, ద్రాక్షపండులా గుండ్రంగా కండగా ఉన్నాయి. యాభై ఏళ్ల స్త్రీ గొంతుక్కూర్చుని రెండు చేతులతో పువ్వు ఏరుతోంది. పాత నూలు చీర. పక్కన సగం నిండిన వెదురు గంప. కొంచెం దూరంలో పదేళ్ల మనవరాలు వంగి ఏరుతోంది. నేలకు దగ్గరగా, పక్క నుంచి చూసినట్టు. నీటిరంగుల బొమ్మ."

ఇందులో గొప్ప విద్య ఏమీ లేదు. ఎవరు, ఏం చేస్తున్నారు, ఎక్కడ, ఏ వేళ, ఎటు నుంచి చూస్తున్నాం, ఏ రంగులతో, అంతే. ఇప్పచెట్టు యంత్రానికి తెలియకపోవచ్చు, అందుకే పువ్వు ఎట్లా ఉంటుందో చెప్పాం. ఆమె వయసు చెప్పాం, చెప్పకపోతే అది పడుచుపిల్లనే గీస్తుంది. ఎటు నుంచి చూడాలో చెప్పాం, చెప్పకపోతే అందరినీ కెమెరా ముందు నిలబెట్టి మనవైపే చూసేట్టు చేస్తుంది. పనిలో ఉన్న మనిషి మనల్ని ఎందుకు చూస్తుంది?

"ఈకలు వద్దు" అని రాస్తే కొన్నిసార్లు ఈకలే వస్తాయి. ఆ మాట పడింది కదా, దాన్ని పట్టుకుంటుంది. "ముడి వేసిన నల్లటి జుట్టు, తలలో ఏమీ లేదు" అని ఉన్నదాన్నే చెప్పండి. వద్దనుకున్నవి రాయడానికి వేరే గడి ఉన్న యాప్‌లూ ఉన్నాయి, అక్కడైతే రాయొచ్చు. మొదటి బొమ్మ బాగా రాకపోతే వాక్యం మొత్తం మార్చేయకండి. ఒక్క మాట మార్చి మళ్లీ చూడండి. ఏ మాటకు ఏం మారిందో నోటుబుక్కులో రాసుకోండి. పది బొమ్మలు చేసేసరికి మీకే తెలిసిపోతుంది.

భాష సంగతి. తెలుగులో రాస్తే చాలా యాప్‌లకు ఇప్పుడు అర్థమవుతోంది, ఇంగ్లీషులో ఇంకా బాగా అర్థమవుతుంది. ముందు ఇంట్లో మాట్లాడే భాషలోనే చెప్పుకోండి, గోండీ, కోయ, కొలామీ, సవర, ఏదైనా. అమ్మను, నానమ్మను అడగండి, వాళ్ల దగ్గర మీకన్నా మాటలెక్కువ. తర్వాత తెలుగు, ఆ తర్వాత ఇంగ్లీషు. అనువాదం యాప్‌కు వదిలేస్తే తిరిగి చదివి చూసుకోండి. పోడు అని పెడితే నాకు తగలబడుతున్న అడవి వచ్చింది. అది ఫారెస్టోళ్ల కళ్లతో చూసిన పోడు. "కొండవాలు మీద జొన్న, కంది, సామ కలిసి పెరిగిన చేను, మధ్యలో కావలి మంచె" అని రాస్తే మన చేను వచ్చింది. గ్రామసభ కూడా అంతే. ఊరికే గ్రామసభ అంటే తలపాగాల పెద్దమనుషులు చెట్టు కింద కూర్చుంటారు. అటవీ హక్కుల నిబంధనల్లో గ్రామసభకు సభ్యుల్లో కనీసం సగం మంది రావాలని, వచ్చినవాళ్లలో మూడోవంతైనా ఆడవాళ్లు ఉండాలని ఉంది. బొమ్మలో ఆడవాళ్లు ఎంతమందో, ఎక్కడ కూర్చున్నారో, కాగితం ఎవరి చేతిలో ఉందో మీరే రాయాలి.

ఇక రెండు విషయాల్లో నేను గట్టిగా చెబుతాను, ఒప్పుకోనివాళ్లు తర్వాత నాతో వాదించండి.

ఒకటి, "గోండు స్టైల్", "వార్లీ స్టైల్" అని రాయడం. ఒక్క మాటతో రంగురంగుల చుక్కల జింక వచ్చేస్తుంది, ముచ్చటేస్తుంది. కానీ ఆ చుక్కల వెనక మనుషులున్నారు. మధ్యప్రదేశ్‌లోని పాటన్‌గఢ్ నుంచి వచ్చిన ప్రధాన్ గోండు జంగఢ్ సింగ్ శ్యామ్ ఆ దారి తెరిచాడు. ఆయన తర్వాత వచ్చిన చిత్రకారుల్లో ఎవరి గీత వాళ్లది, ఎవరి చుక్క వాళ్లది. వార్లీ అంటే జివ్యా సోమా మాషే. యంత్రం వీళ్లందరినీ కలిపి రుబ్బి ఇస్తుంది, వీళ్లకు రూపాయి ఇవ్వదు. సవరలు పూజ కోసం గోడ మీద వేసే బొమ్మ అయితే అసలు అమ్మకపు సరుకే కాదు. కాబట్టి నీటిరంగులు అనండి, పెన్సిల్ గీత అనండి, చెక్క అచ్చు అనండి. మన తీరు బొమ్మే కావాలంటే మన చిత్రకారుడి దగ్గరికి వెళ్లి డబ్బులిచ్చి వేయించుకుందాం. ఏఐతో చేసిన నమూనా చూపించి "ఇట్లాంటి సన్నివేశం కావాలి" అని చెప్పడానికి పనికొస్తుంది, నాకు దానివల్ల ఎక్కువ లాభం అక్కడే కనిపించింది.

రెండోది ఇంకా ముఖ్యం. జరిగిన సంఘటనకు ఏఐ బొమ్మ పెట్టొద్దు. గుడిసెలు కూల్చితే, లాఠీచార్జి అయితే, చేను దున్నేస్తే, చేతులు వణుకుతూ తీసిన మసక ఫొటో ఉన్నా అదే పెట్టండి. 2025లో హైదరాబాద్ కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాల గొడవ గుర్తుందా? బుల్డోజర్లు నిజం, కొట్టేసిన చెట్లు నిజం. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు చెట్లు కొట్టడం ఆపమంది కూడా. కానీ మధ్యలో ఏఐతో చేసిన జింకల బొమ్మలు, నెమళ్ల బొమ్మలు తిరిగాయి. ప్రభుత్వం ఆ బొమ్మలు పట్టుకుంది. ఫేక్ ప్రచారం అంది, కేసులు పెట్టారు, నోటీసులిచ్చారు. కొన్ని రోజులు చెట్ల గురించి కాకుండా బొమ్మల గురించి మాట్లాడుకోవాల్సి వచ్చింది. హైదరాబాద్ నడిబొడ్డున, కెమెరాలన్నీ ఉన్నచోటే అట్లా అయింది. మన గూడేనికి రిపోర్టరే రాడు. మన దగ్గరున్న సాక్ష్యం మన ఫోన్లో ఫొటోనే, దాని పక్కన ఒక్క దొంగబొమ్మ చేరినా ఆఫీసులో కూర్చున్నాయన అన్నింటినీ కలిపి పక్కన పడేస్తాడు. పోస్టర్‌కు, కథకు, పాట కవర్‌కు ఏఐ వాడండి, మూలన "ఏఐతో చేసిన బొమ్మ" అని కనిపించేట్టు రాయండి. మీ ఊరి మనిషి ఫొటో ఎక్కించి దాన్ని బొమ్మగా మార్చాలనుకుంటే ముందు ఆ మనిషిని అడగండి. పిల్లల ఫొటోలు అసలే ఎక్కించొద్దు.

చిన్న చిన్నవి రెండు చెప్పి వదిలేస్తా. పోస్టర్ మీది తెలుగు అక్షరాలు యాప్‌తో రాయించకండి, ఒత్తులు, గుణింతాలు పాడుచేయొచ్చు. బొమ్మలో పైన ఖాళీ ఆకాశం ఉంచమని ప్రాంప్ట్‌లోనే రాసి, తర్వాత పిక్సెల్‌ల్యాబ్‌లోనో కాన్వాలోనో మీరే టైపు చేయండి. ఇంకోటి, ఉచితంగా వచ్చే బొమ్మ చాలాసార్లు అటు ఇటు వెయ్యి పిక్సెళ్లే ఉంటుంది. కరపత్రానికి సరిపోతుంది. నాలుగడుగుల ఫ్లెక్సీకి పెడితే అంగుళానికి ఇరవై చుక్కలే పడతాయి, దగ్గరికొచ్చినవాళ్లకు గళ్లు గళ్లుగా కనిపిస్తుంది. ఫ్లెక్సీ షాపులో డబ్బులు కట్టకముందే అడిగి చూసుకోండి.

ఇప్పుడు ఫోన్లు పక్కన పెట్టి కాగితం తీయండి. ఈ రోజు పొద్దున మీ ఇంట్లో జరిగిన ఒక పని, ఆరు వాక్యాల్లో, ఇంట్లో మాట్లాడే భాషలో రాయండి. భోజనాల తర్వాత వాటిని తెలుగులోకి మార్చి, అప్పుడు ఫోన్లో కొడదాం.