గర్భవిచ్ఛిత్తి – చట్టము – భయము



కొంతకాలము క్రిందట ఒక సాయంకాలమున, దేవరాపల్లిలో మా యింటి అరుగుపై ఒక యిల్లాలు వచ్చి కూర్చుండెను. పొలము కూలికి పోవు మనిషి. ఇద్దరు బిడ్డల తల్లి. చిన్నవాడింకను చంక దిగలేదు. భర్త రెండు నెలల క్రిందటనే పనికై హైదరాబాదు పోయెను. మూడవ కాన్పునకు తన శరీరము తాళదని ఆమె యెరుగును. చాలసేపు ఊరకుండి, తుదకు మెల్లగా నన్నడిగినది: “టీచరమ్మా, తీయించుకుంటే కేసవుతాదా?”

నేను సమాధానము చెప్పలేకపోతిని. ముప్పది యేండ్లు బడిలో పాఠములు చెప్పితిని గాని, ఈ పాఠము నాకును రాదు. రేపు కనుగొని చెప్పెదనంటిని. ఆమె రేపటి వరకు ఆగలేదు. ఊరిలో మందులిచ్చునతని యొద్ద మాత్రలు తెచ్చుకొని మ్రింగినది. మూడు దినములు రక్తము పోయెను. ప్రాణము దక్కుటయే భాగ్యమైనది. ఆనాడు నేను చెప్పలేకపోయిన సమాధానమును నేడు మీ ముందుంచుచున్నాను.

ఆమె భయము నిరాధారము కాదు. 1860 సంవత్సరపు భారత శిక్షాస్మృతిలోని 312వ సెక్షను, స్త్రీ ప్రాణరక్షణార్థము తప్ప, గర్భస్రావము చేయుటను నేరమనెను. తనకు తాను చేసికొనిన స్త్రీయు దోషియే. శిక్ష మూడేండ్ల వరకు. గర్భమున శిశువు కదలిక కలిగిన పిదప ఏడేండ్ల వరకు. 2024 జూలై 1 నుండి దాని స్థానమున వచ్చిన భారతీయ న్యాయ సంహితలోను, 88వ సెక్షనుగా ఆ నేరము నిలిచియే యున్నది.

అయితే 1971లో పార్లమెంటు చేసిన గర్భవిచ్ఛిత్తి చట్టము, 1972 ఏప్రిలు 1 నుండి ఆ గోడకొక తలుపు పెట్టినది. 2021లో ఆ తలుపును మరికొంత వెడల్పు చేసిరి. గర్భము నిలిచియుండుట వలన స్త్రీ ప్రాణమునకు గాని, శారీరక మానసికారోగ్యమునకు గాని తీవ్రమైన హాని కలుగునని తోచినప్పుడు, 20 వారముల వరకు ఒక వైద్యుని అభిప్రాయము చాలును. 20 మొదలు 24 వారముల వరకు, నియమములలో పేర్కొన్న స్త్రీలకు ఇద్దరు వైద్యుల అభిప్రాయము కావలెను. బలాత్కారమునకు గురియైనవారు, మైనరు బాలికలు, గర్భముతోనుండగా భర్తను కోల్పోయినవారు అందు కలరు. 1881లో రాజమహేంద్రవరమున వీరేశలింగము పంతులుగారు తొలి వితంతు వివాహము జరిపించునాటికి, విధవ గర్భవతియైనచో నాటుమందో నుయ్యో గతి. ఆ విధవను నేటి చట్టము పేర్కొని మరీ కాపాడుచున్నది.

భర్త సంతకము కావలెనని మా యూళ్లలో అందరును చెప్పుదురు. అది చట్టములో లేదు. పదునెనిమిదేండ్లు నిండిన స్త్రీకి తన సమ్మతియే చాలును; మైనరులకును మతిస్థిమితము లేనివారికిని మాత్రమే సంరక్షకుని సమ్మతి కావలెను. ఆమె పేరు బయటపెట్టిన వైద్యునికి ఏడాది వరకు జైలుశిక్ష కలదు. అవివాహితలకును ఈ హక్కు సమానమేయని సుప్రీంకోర్టు 2022 సెప్టెంబరు 29న తీర్పు చెప్పినది; చట్టములో లేని షరతులను వైద్యులు పెట్టరాదనియు హెచ్చరించినది. అదే సంవత్సరము జూనులో అమెరికా సుప్రీంకోర్టు, 1973 నుండి స్త్రీలకున్న రక్షణను తొలగించి, ఆ విషయమును రాష్ట్రములకు విడిచిపెట్టెను. అంతకు ముందేడే టెక్సాసు రాష్ట్రము, గర్భస్రావమునకు తోడ్పడినవారిపై ఎవరైనను దావా వేసి కనీసము 10,000 డాలర్లు పొందవచ్చునని శాసించియుండెను. అచ్చట పొరుగువానిని వేగులవానిగా చేయుటకు ఒక శాసనము కావలసివచ్చినది. మన యూళ్లలో ఆ పని లోకనిందయే జీతము లేక చేయుచున్నది.

ఇచ్చట మాటల చిక్కొకటి కలదు. చట్టములోని ‘ఆర్‌.ఎం.పి.’ యనగా రిజిస్టరయిన, తగిన శిక్షణ పొందిన వైద్యుడు. మా గ్రామములలో ఆర్‌.ఎం.పి. డాక్టరనగా పట్టా లేక సూదిమందు వేయునతడు. మొదటివాడు చేసిన రక్షణ. రెండవవాడు చేసిన, రెండు మొదలు ఏడేండ్ల వరకు కఠినశిక్ష. అక్షరములు అవియే, ఫలము వేరు. చేయు స్థలము సర్కారు ఆసుపత్రియైనను కావలెను, ప్రభుత్వానుమతి పొందిన ఆసుపత్రియైనను కావలెను.

రెండవ చిక్కు, రెండు చట్టములను కలిపి భయపడుట. గర్భమున నున్నది ఆడో మగో చెప్పుటయు, అడుగుటయు 1994 నాటి వేరొక చట్టము ప్రకారము నేరము. ఆడశిశువుల రక్షణకై అది యుండవలసినదే. కాని స్కానింగు గదిలోని “నేరము” అను బోర్డును చూచిన పల్లెటూరి స్త్రీ, గర్భము తీయించుకొనుటయే నేరమనుకొని వెనుదిరుగుచున్నది. ఆ బోర్డు ప్రక్కనే, చట్టము దేనిననుమతించుచున్నదో తెలుపు బోర్డొకటి యుండరాదా?

గర్భవిచ్ఛిత్తి ధర్మమా, కాదా యని నేను నేడు తీర్పు చెప్పబోను. అది యెవరి మనస్సాక్షికి వారిది. కాని చట్టమును అమలుపరచుటయనగా దోషులను పట్టుట మాత్రమే కాదు. అందలి రక్షణను అర్హులకు తెలియజేయుటయును అందు భాగమే. తెలియని రక్షణ లేని రక్షణతో సమానము. ఇంటింటికి తిరుగు ఆశా కార్యకర్త, ఏ.ఎన్‌.ఎం., నావంటి బడిపంతులమ్మ, ఈ నాలుగు మాటలు చెప్పగలిగినచో చాలును.

ఇక ఆ యిల్లాలికి నా సమాధానము, ఆలస్యముగానైనను: “కేసు కాదమ్మా. జాప్యము చేయక సర్కారాసుపత్రికి పోయి డాక్టరుకు చూపించుకో. సంతకము నీదొక్కటే చాలును. తోడు కావలెనన్న నేను వచ్చెదను.”