బసగృహములకు ఆకుల పట్టము



అతిథిని పూజింపవలయునని మన పెద్దలు చెప్పిరి. ఆ యతిథి విడిచిపోయిన మురుగు ఎచ్చటికిఁ బోవలయునో విచారింపవలసిన కాలము నేఁడు వచ్చినది. 2023వ సంవత్సరమున భారత ప్రభుత్వము హోటళ్లకును ధర్మశాలలకును ‘స్వచ్ఛతా గ్రీన్ లీఫ్ రేటింగు’ అను గుర్తింపును ప్రవేశపెట్టినది. మొత్తము 200 మార్కులు: మలవ్యర్థముల నిర్వహణకు 80, చెత్తకు 80, వాడిన నీటికి 40. ఉత్తమమైన దానికి అయిదాకుల పట్టము. ఇది నిర్బంధము కాదు. కోరినవారే ముందునకు రావలయును.

వచ్చుటకు అడ్డంకులేవి? మొదటిది మన నేల. మచిలీపట్టణము, దివిసీమ సముద్రమట్టమునకుఁ గొంచెమే యెత్తున నున్నవి. గొయ్యి త్రవ్విన కొలఁది లోఁతుననే నీరు తగులును. వానకాలమున సెప్టిక్ ట్యాంకు నీరు భూమిలో నింకదు.

రెండవది వ్యయము. ఖర్చు యజమానిది, లాభము కాలువ దిగువ గ్రామముది. గుడివాడలో నొకరాత్రి బసచేయువాఁడు గది బాడుగ నడుగునే కాని మురుగు త్రోవ నడుగఁడు.

మూడవది అన్నిటికంటెఁ బెద్దది. యజమాని తడిచెత్తను పొడిచెత్తను వేఱుచేయవచ్చును. బండివాఁడు రెంటిని నొక్కచోటఁ గుమ్మరించినచో ఆ శ్రమ వ్యర్థమే. తొట్టి తోడించవచ్చును; తోడినదానిని శుద్ధిచేయు తావు చేరువ లేకున్నచో అది కాలువనే చేరును. 200లో 160 మార్కులు ఈ రెండింటివే. ఆ పని గోడలోపల మొదలై వెలుపల ముగియవలయును.

కావున హోటలువానిని మాత్రమే నిందించుట న్యాయము కాదు. గ్రామపెద్దలారా, ఆ కాలువ నీరే మన చెఱువులను నింపును. బండి యెచ్చటికిఁ బోవుచున్నదో పంచాయతీ సభలో నడుగుఁడు. పెండ్లికి గదులు మాటలాడునపుడు బాడుగతోఁ బాటు ఆకులెన్నియో యడుగుఁడు. అడుగువారున్నపుడే ఆకు చిగురించును.