చందుర్తి చేనూ, ఏలూరు మజిలీ

బొబ్బిలి యుద్ధం పేరు వినని తెలుగువాడు అరుదు. 1757 జనవరి నాటి ఆ కథను బుర్రకథలూ నాటకాలూ సినిమా ఇంటింటికీ చేర్చాయి. తరువాయి కథ మాత్రం ఎవరికీ పట్టలేదు. బొబ్బిలి పడిన వెంటనే విజయనగరం రాజు విజయరామరాజు హతుడయ్యాడు. వారసుడు ఆనంద గజపతి ఫ్రెంచివారితో చెడి ఇంగ్లీషువారిని పిలిచాడు. బెంగాలు నుంచి క్లైవు పంపగా కర్నల్ ఫోర్డు వచ్చాడు. 1758 డిసెంబరులో పిఠాపురం దగ్గరి చందుర్తిలో ఫ్రెంచివారు ఓడారు. అంతకు రెండు వారాల ముందే అమెరికాలో డ్యూకేన్ కోట వాళ్ల చేజారింది. దాని మీదికి నడిచిన సేనలో జార్జి వాషింగ్టన్ ఉన్నాడు. రెండూ ఇంగ్లీషు, ఫ్రెంచివారి మధ్య సాగిన ఒకే యుద్ధంలోని ఘట్టాలు. అక్కడి బడిపిల్లలకు అది పాఠం. ఇక్కడ ఏలూరు దగ్గరి పెదపాడు పిల్లలకు చందుర్తి ఎటుందో కూడా చెప్పేవారు లేరు.

యుద్ధచరిత్ర తరగతిలో చెప్పి తీరాలి, అయితే శౌర్యం కంటే ముందు జమాఖర్చు చెప్పాలన్నది నా వాదన. చందుర్తిలో ఫోర్డు సిపాయిలు ఎర్రకోట్లు వేసుకున్నారు. ఫ్రెంచివారు వాళ్లనే తెల్లసేన అనుకుని మీదపడ్డారు. అసలు తెల్లసేన నిలువెత్తు పైరు చాటున ఉంది. విన్నవాళ్లు మరిచిపోని ఘట్టమే గాని, గెలిచాక జరిగింది అంతకంటే ముఖ్యం. నెలకు 50,000 రూపాయలిస్తానన్న ఆనంద గజపతి చేతికి ఎముక ఉందని అప్పుడు తేలింది. డబ్బు రాక దండు కదల్లేదు. 1759 ఫిబ్రవరిలో ఏలూరు చేరినా, రాజుకోసం మళ్లీ మార్చి దాకా ఎదురుచూపే. ఫ్రెంచివారి బందరు కోట ముట్టడిలో తెల్లసోల్జర్లే డబ్బుకోసం ఎదురుతిరిగారు. వాళ్లను బుజ్జగించుకుని ఏప్రిల్ 7 రాత్రి ఫోర్డు కోట మీద పడ్డాడు. మే నెలలో నిజాం సలాబత్ జంగ్ బందరు ప్రాంతాన్ని ఇంగ్లీషువారికి రాసిచ్చాడు.

యుద్ధాలు చెబితే పిల్లలకు పగలు నేర్పినట్టేనని కొందరంటారు. పగ పుట్టేది సగం కథతో. బాకీలూ బేరాలూ కూడా చెప్పాక ఎవరి మీద కత్తి దూస్తాం? ఆధారాలన్నీ ఇంగ్లీషువారివే గదా అనేది ఇంకో అభ్యంతరం, ఇది గట్టిదే. ఫోర్డు దండయాత్రను వివరంగా రాసిన రాబర్ట్ ఆర్మ్ ఈస్టిండియా కంపెనీ మనిషి. తెల్ల అధికారులకు అందులో పేర్లున్నాయి, సిపాయిలకున్నది ఎక్కువగా లెక్కే. ఆ పుస్తకాన్నే తరగతిలో తెరిచి, ఏలూరులో దండు విడిసినన్నాళ్లూ బియ్యం ఎవరి గాదెలోవి, బండెద్దులు ఎవరి కొట్టంలోవి, వాటికి డబ్బు ముట్టిందా అని పిల్లల చేత అడిగించవచ్చు. జవాబు పుస్తకంలో దొరక్కపోతే, దొరకలేదనే రాయించాలి.