చలనచిత్ర కథను ఆటగా మలచుట
(రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాస పాఠము)



కథను వినుట యొకటి, చూచుట యొకటి. కథలో తామే పాత్రలై నిర్ణయములు చేయుట వేరొకటి. ఈ మూడవ రీతికి పాత్రధారణ క్రీడ యనవచ్చును. 1974లో అమెరికాలో గేరీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అను నిరువురి రచనగా వెలువడిన 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' ఇట్టి క్రీడలకు దారి తీసెను. నలుగురైదుగురు బల్ల చుట్టు కూర్చుందురు. ఒకడు కథానిర్వాహకుడు, తక్కినవారికి తలకొక పాత్ర. నిర్వాహకుడు సందర్భమును వర్ణించి, "మీరేమి చేయుదురు?" అని యడుగును. ఫలితము సందిగ్ధమైనచోట పాచికలు తీర్పు చెప్పును. పృచ్ఛకుని ప్రశ్నను బట్టి అవధాని పద్యము మారునట్లు, ఆటగాండ్ర మాటను బట్టి కథ మారును.

క్రొత్త కథ నల్లుట అందరికిని సులభము కాదు. గావున చూచిన చలనచిత్రము నుండి కథను గైకొనవచ్చును. అందలి మెలకువ తెలియుటకు ఈ ప్రాంతముతో బాంధవ్యము గల చిత్రము 'గులేబకావళి కథ'. సిరిసిల్ల ప్రాంతమందలి హనుమాజీపేటలో 1931లో జన్మించి, ఉర్దూ మాధ్యమమున విద్య నభ్యసించిన డాక్టర్ సి. నారాయణరెడ్డి 1962లో ఈ చిత్రముతోనే సినీకవిగా ప్రవేశించిరి. దీనికి మూలము పారసీక భాష నుండి ఉర్దూలోనికి వచ్చిన ప్రాచీన కథ. తండ్రికి పోయిన చూపును తెచ్చు పువ్వు కొరకు కుమారుడు బయలుదేరును. అతనికి ముందే వెడలిన నలుగురన్నలు జూదమున ఓడి బందీలగుదురు.

ఈ కథను ఉన్నదున్నట్లు బల్లమీద పెట్టినచో ఆట చెడును. తెరమీద నాయకుడొక్కడే గెలుచును. బల్ల వద్ద ఐదుగురుందురు. ఒక్కడే నాయకుడైనచో తక్కినవారు మరల ప్రేక్షకులే. గావున నాయకుని నేర్పును పంచిపెట్టవలెను. ఒకడు సిరిసిల్ల నేతగాడు. త్రాళ్లు పేనుట, ముడులు వేయుట ఎరిగినవాడు. ఒకడు కోరుట్ల కాగితము చేయువాడు. పూర్వము కోరుట్లలో చేసిన ముతక కాగితము పట్వారీల లెక్క పుస్తకములకు వాడబడుచుండెను. పాత చిట్ఠాలో క్రొత్త కాగితము దూర్చినచో అతడు చేతితో తడిమి పట్టగలడు. ఒకడు లెక్కల నెరిగినవాడు. ఇట్లు ప్రతివానికి ఒక ఘట్టమున అవసరము కలుగవలెను.

పిదప స్థలము. బకావళి వనము జగిత్యాల కోటలో నున్నదని భావింతము. 18వ శతాబ్దిలో కట్టిన ఆ కోట నక్షత్రాకారము, చుట్టు కందకము, ఆటగాండ్రు కన్నులార చూచినవే. ఎరిగిన చోటైనచో ఉపాయములు తామే తోచును.

మూడవది ముఖ్యము. చిత్రము నుండి చిక్కును తీసికొనవలెను గాని, చిక్కు విడిన తీరును తీసికొనరాదు. అంధుడైన తండ్రి, దుర్లభమైన పువ్వు, దానిని విడువనొల్లని యజమానురాలు: ఇంతమాత్రము చాలును. పాత కథలో కుమారుడు పువ్వును దొంగిలించెను. ఆటగాండ్రలో ఒకడు లేచి, "దొంగిలించుట యేల? అడిగి చూతము" అనవచ్చును. చిత్రములో అట్లు లేదని నిర్వాహకుడు త్రోసిపుచ్చరాదు. యజమానురాలు ఏమి కోరును, దేనికి భయపడును అని ముందే యోచించుకొన్నవానికి ఆ ప్రశ్నకు జవాబు సిద్ధముగా నుండును. తండ్రి చూపు కొరకు పరుల సొత్తు హరింపవచ్చునా అను ధర్మసందేహము తెరమీద క్షణములో దాటిపోవును. బల్లమీద అది ఆనాటి చర్చ యగును.

పాచికల విషయము లెక్కతో కూడినది. ఆరు ముఖముల పాచికలు రెండు చాలును. వాని కలయికలు 36. ఏడు గాని అంతకు మించి గాని పడు విధములు 21. పది గాని అంతకు మించి గాని పడునవి 6 మాత్రమే. ఎండిన కందకము దాటుటకు ఏడు, నీరు నిండిన రాత్రి దాటుటకు పది యని వేయకముందే ప్రకటింపవలెను. త్రాడు పేనిన నేతగానికి కొంత సడలింపు నీయవచ్చును. ఓడినచో కథ ఆగిపోరాదు. కావలివాడు మేల్కొనుటయో, త్రాడు తెగి వేరు దారి వెదకుటయో జరుగవలెను.

ఆ ఉర్దూ కథలో జూదపు ఇంటిలో పిల్లి దీపమును తలపై మోయును. ఎలుక నీడలో దూరి పాచికలను త్రిప్పును. అన్నలు ఓడినది అదృష్టము లేక కాదు, కపటము తెలియక. తనకు నచ్చిన ముగింపు కొరకు పాచికలను మరుగుపరచి తప్పు చెప్పు నిర్వాహకుడు ఆ ఎలుక వంటివాడే. అతడు కథను కాపాడితినని తలచును. కాని ఆటగాండ్ర నిర్ణయమునకు విలువ లేకుండ చేసినవాడగును. ఒకమారు అది బయటపడినచో మరునాడు బల్ల వద్దకు ఎవ్వరును రారు. పువ్వు దొరకక తండ్రికి చూపు రాకపోయినను, ఆ ఫలితము న్యాయముగా వచ్చినదైనచో దానిని అంగీకరించుట మేలు.

ఇందుకు కావలసిన వ్యయము స్వల్పము: ఒక బల్ల, రెండు పాచికలు, కొంత కాగితము. అన్నిటికంటె ముఖ్యముగా చదువు కావలెను. చిత్రము ఒక దారిని చూపును. అదే కథను పుస్తకములలో పలు రూపములుగా చదివినవాడు పది దారులు ఎరుగును. కథానిర్వాహకులు కాగోరు యువకులు ముందుగా గ్రంథాలయపు బీరువా తెరచుట ఉచితము. చూచి మరచిన కథకంటె, నలుగురితో కలిసి తేల్చిన కథ చిరకాలము నిలుచును.