ఉప్పునీట నుండి దాహము తీరుట

కిలో సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల ఉప్పు కలదు. మన మూత్రపిండములు ఉప్పును అంత గాఢముగా వెలువరింపజాలవు. లీటరు సముద్రజలమును త్రాగినచో, అందలి ఉప్పును వెడలగొట్టుటకు లీటరునకు మించిన నీరు మన దేహమునుండియే వ్యయమగును. త్రాగినకొలది దాహము పెరుగునే కాని తగ్గదు.

తిమింగలములు, డాల్ఫినులు, సీళ్లు మనవలె వెచ్చని నెత్తురు గలవి, పిల్లలకు పాలిచ్చునవి. మరి అవి ఏ నీరు త్రాగుచున్నవి?

చాలవరకు త్రాగుటయే లేదు, నీటిని తినుచున్నవి. చేప దేహమున ముప్పాతిక వంతు నీరే. అది ఉప్పునీట పెరిగినను దాని మాంసము అంత ఉప్పగా నుండదు. సముద్రపు చేపను వండునపుడును మన గృహిణులు పులుసులో ఉప్పు వేయుచునే యున్నారు గదా! ఉప్పును తోడివేయు శ్రమను చేప ముందే పడినది. ఆహారముతో లోనికి పోయిన అదనపు ఉప్పు సంగతి మూత్రపిండములు చూచుకొనును. తిమింగలమునకు అవి ద్రాక్షగుత్తులవలె వందలకొలది చిన్న భాగముల కూర్పు. పైగా దానికి చెమట పట్టదు.

తిండి దొరికినంతకాలము ఇది బాగుగనే యున్నది. తిండియే లేనపుడో?

కాలిఫోర్నియా తీరమున ఏనుగు సీలు అను జంతువు శీతకాలమున ఒడ్డున ఈనును. తల్లి ఇంచుమించు నాలుగు వారములు అన్నపానములు మాని పిల్లకు పాలిచ్చును. ఆ పాలు రానురాను చిక్కబడి, తుదకు సగమునకు మించి కొవ్వే యగును. అందుచే తల్లి నీరు మిగులును. పిమ్మట తల్లి సముద్రమునకు వెడలిపోవును. పిల్ల రెండు మూడు నెలలు తినక, త్రాగక ఒడ్డుననే పడియుండును.

దాని చెరువు దాని కొవ్వే. 100 గ్రాముల కొవ్వు దేహమున దహింపబడినచో దాదాపు 107 గ్రాముల నీరు పుట్టును. హెచ్చు తూకమునకు ఆశ్చర్యపడనక్కరలేదు. గాలిలోని ప్రాణవాయువు అందు చేరినది. ఆ నీటిని కాపాడునది ముక్కు. అద్దముపై ఊదినచో మసక గట్టును గదా, మన ఊపిరివెంట అంత నీరు పోవుచున్నది. సీలు ముక్కులోని మడతలు చల్లగా నుండుటచే వెలువడు ఊపిరిలోని తేమ అందే నిలిచిపోవును. నిదురలో ఆ పిల్ల నిమిషములకొలది ఊపిరియే తీయదు.

ఈ కొవ్వునే నూనెగా కాచుకొనుటకు 19వ శతాబ్దమున మానవులు వీనిని ఇంచుమించు తుడిచిపెట్టిరి. 1892లో గ్వాదలూప్ దీవిలో తొమ్మిది మాత్రమే కనబడగా, కనుగొన్నవారే నమూనాలకై ఏడింటిని చంపిరి! మిగిలిన కొద్దిపాటినుండి నేడవి లక్షకు మించినవి.

వసంతము ముగియునాటికి పిల్ల సముద్రమున దిగును. తాను పట్టిన మొదటి చేపతో దానికి మరల బయటి నీరు అందును.