చెరపకండి, కప్పండి

హబ్సిగూడ, ఉప్పల్, నాచారంల నుంచి వచ్చిన స్టూడియో మిత్రులకు, ముఖ్యంగా రాత్రింబవళ్లు పెళ్లి ఆల్బమ్‌లతో కుస్తీపట్టే డిజైనర్లకు నాలుగు మాటలు చెప్పాలని వచ్చాను.

బొమ్మలో అక్కర్లేని చోటును చెరపకుండా కప్పి ఉంచే మాస్క్ మనకు కంప్యూటర్‌తో వచ్చింది కాదు. 1964లో తాపీ చాణక్య 'రాముడు భీముడు' తీస్తే, ఒకే తెరమీద ఇద్దరు రామారావులను చూసి జనం మురిసిపోయారు. ఆ రోజుల్లో ద్విపాత్రాభినయానికి కెమెరావాళ్లు నమ్ముకున్నది మాస్క్ షాట్‌నే. లెన్సు సగం మూసి ఒక పాత్రను తీసేవారు. ఫిల్మును వెనక్కి తిప్పి, ఈసారి రెండో సగం మూసి ఇంకో పాత్రను తీసేవారు. కెమెరా వెంట్రుకవాసి కదిలినా శ్రమంతా వృథా. అచ్చు ప్రెస్సుల్లోనూ ఎర్రటి ఫిల్మును బ్లేడుతో కోసి బొమ్మ మీద కప్పేవారు, లిథో ఫిల్ముకు ఎరుపు కనిపించదు కనుక. ఫొటోషాప్‌లో క్యూ నొక్కితే పరుచుకునే ఎర్రపొర ఆ పనివాళ్ల వారసత్వమే. 1990లో వచ్చిన ఫొటోషాప్‌లో 1994 దాకా లేయర్లే లేవు. అంతవరకు మాస్కులు దాచుకునే చోటు చానళ్లే.

సెలక్షన్ చేయగానే చుట్టూ చీమలబారులా గీత కదులుతుంది. దాన్ని నమ్మకండి. సగానికి పైగా ఎంపికైన చోటునే అది చూపిస్తుంది. అసలు సంగతి మాస్క్‌లో ఉంటుంది. తెలుపు కనిపించేది, నలుపు దాగేది, మధ్యలో బూడిదరంగులు. ఎనిమిది బిట్ల ఫైల్లో మొత్తం 256 మెట్లు. మన పనితనమంతా ఆ బూడిదరంగులోనే ఉంది. పలచని అడ్డుతెర వెనక పెళ్లికూతురి ముఖం లీలగా కనబడుతుంటే, ఆ తెర పూర్తి తెలుపూ కాదు, పూర్తి నలుపూ కాదు.

తలంబ్రాల ఫొటోనే తీసుకుందాం. వెనక తెల్లటి గోడ, గాలిలో పసుపు బియ్యం, పెళ్లికూతురి జడ నిండా మల్లెలు. పెన్ టూల్‌తో ఒక్కో గింజ చుట్టూ తిరగలేం. చానళ్లు తెరిచి బ్లూ చూడండి. పసుపు నీలికాంతిని మింగేస్తుంది కాబట్టి గింజలు అందులో నల్లగా తేలతాయి. జుట్టూ నలుపే. ఆ చానల్‌ను కాపీ చేసి, లెవల్స్‌తో గోడను తెల్లగా తోసేసి, ఇన్వర్ట్ చేస్తే గింజలూ ముంగురులూ చేతికొస్తాయి. మల్లెలు మాత్రం గోడలో కలిసిపోతాయి. వాటిని మెత్తని బ్రష్‌తో చేత్తో దిద్దాల్సిందే. పట్టుచీర అంచుకు పెన్ టూలే మేలు. ఒక ఫొటోకు ఒకే పద్ధతి సరిపోదని నా గట్టి అభిప్రాయం.

మాస్క్ పెళ్లి ఫొటోలకే పరిమితం కాదు. మన హబ్సిగూడలోనే జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ ఉంది. సూక్ష్మదర్శిని చిత్రాల్లో కణాలను లెక్కించే చాలా సాఫ్ట్‌వేర్లు కూడా కణాన్ని తెలుపు, మిగతాదాన్ని నలుపు చేసుకునే మొదలుపెడతాయి. అలాంటి పనిలో అంచు తప్పితే లెక్క తప్పుతుంది.

ఇక ఎరేజర్. దయచేసి దాని జోలికి పోకండి. ఆల్బమ్ ఇచ్చిన కొన్నాళ్లకు ఇంటివాళ్లు వచ్చి, "మూల నిలబడ్డ మా పెదనాన్నను తీసేశారేంటండీ, ఆయన మొన్ననే పోయారు" అంటారు. చెరిపేసి ఉంటే మన దగ్గర సమాధానం ఉండదు. మాస్క్ కప్పి ఉంటే తెల్ల బ్రష్ పట్టుకుంటే చాలు, పెదనాన్న తిరిగొస్తారు. ఆ కుటుంబానికి అది ఎంత విలువైనదో మీకు నేను చెప్పనక్కర్లేదు.

ఇప్పుడు 'సెలెక్ట్ సబ్జెక్ట్' ఒక్క క్లిక్‌తో మనిషిని పట్టేస్తోంది. వాడండి, టైమ్ మిగులుతుంది. కానీ జడకుచ్చులను, బాసికం దారాన్ని అది తరచూ కోసేస్తుంది. అందుకే ఆల్ట్ నొక్కి మాస్క్ మీద క్లిక్ చేసి, ఆ నలుపు తెలుపులను ఒకసారి కళ్లారా చూసుకోండి. పనయ్యాక జేపెగ్ ఒక్కటే దాచుకుంటే అందులో లేయర్లూ మాస్కులూ మిగలవు. ఈ పెళ్లిళ్ల సీజన్ నుంచే పీఎస్‌డీలను విడి హార్డ్‌డిస్క్‌లో దాచండి, మీ దగ్గర పని నేర్చుకునే పిల్లలకూ అదే అలవాటు చేయండి.