బ్రేకు గొట్టం – అతుకు వద్దు



కారు సంగతులు మగవాళ్ళకే అనుకుంటాం కదూ! నేనూ అలాగే అనుకునేదాన్ని. మాది విశాఖపట్నం. మొన్న వేసవిలో పిల్లలతో సింహాచలం బయలుదేరబోతే బ్రేకు పెడల్ మెత్తగా కిందికి దిగిపోయింది. "బ్రేకు ఆయిలు తగ్గింది, పోస్తే సరి" అన్నారు మావారు. నాకు మనసొప్పలేదు. మూత ఉన్న డబ్బాలో ఆయిలు ఎక్కడికి పోతుంది? వంగి చూస్తే వెనక చక్రం దగ్గర తడి! కొండ ప్రయాణం మానుకుని మెకానిక్‌ని పిలిపించాం.

ఉప్పుగాలికి ఉక్కు గొట్టం తుప్పుపట్టి చిల్లిపడిందట. "అక్కడికి అతికేద్దామమ్మా" అన్నాడు. అలాంటి మాటకు ఒప్పుకోకండి. పెడల్ తొక్కినప్పుడు ఆ సన్నని గొట్టంలో ఒత్తిడి చాలా ఎక్కువ. అతుకును నమ్మలేం. మామూలు రాగి గొట్టమూ వద్దు. ఆ కొసనుంచి ఈ కొసదాకా ఆ బండికి సరిపడే కొత్త బ్రేకు గొట్టమే వేయించాలి.

తరువాత గాలి తీయాలి. లోపల గాలి బుడగ ఉంటే పెడల్ తొక్కినా అదే నలుగుతుంది గాని బ్రేకు సరిగా పట్టదు. ఒకరు పెడల్ తొక్కిపట్టాలి. ఇంకొకరు చక్రం దగ్గరి నిపిల్ వదులుచేసి, మళ్ళీ బిగించాలి. బిగించాకే కాలు తీయాలి. బుడగలు ఆగేదాకా ఇదే పని. మా ఇంట్లో ఆ పెడల్ తొక్కింది నేనేనండీ!

ఈలోగా పైడబ్బా అడుగంటనివ్వకూడదు. కారిన పాత ఆయిలు మళ్ళీ పోయనివ్వకండి. అది మన ఉప్పులాగే గాలిలోని తేమ పీల్చుకుంటుంది. మూతమీద డాట్ 3 అనో, డాట్ 4 అనో రాసి ఉంటుంది; ఆ రకమే, కొత్త సీసా విప్పించి పోయించండి.

ఇక ఏ ప్రయాణమైనా, బండి కదలకముందే పెడల్ తొక్కి చూడమనండి. గట్టిగా నిలిస్తేనే పిల్లల్ని ఎక్కించండి.